ఎన్నాళ్ల నుంచి ఇలా?

యేసుప్రభువు కొండ దిగి వచ్చేసరికి కింద పెద్ద గొడవ జరుగుతోంది. జబ్బుపడిన కుమారుణ్ణి ఒక తండ్రి తీసుకొచ్చాడు. శిష్యులు బాగుచేయలేకపోయారు. శాస్త్రులు వాళ్లతో వాదానికి దిగారు. జనం గుమిగూడారు. అందరూ మాట్లాడుతున్నారు గాని, ఆ తండ్రితో మాట్లాడేవారు లేరు. పిల్లవాణ్ణి ప్రభువు దగ్గరకు తీసుకొచ్చారు. వాడు నేలమీద పడి కొట్టుకుంటున్నాడు. అప్పుడు ప్రభువు వెంటనే స్వస్థపరచలేదు. తండ్రి వైపు తిరిగి, ఈ బాధ వీడికి ఎంతకాలంగా ఉందని అడిగాడు (మార్కు 9:21).

పాతికేళ్లకు పైబడిన నా పరిచర్యలో ఈ భాగం మీద ఎన్నిసార్లు ప్రసంగించానో లెక్కలేదు. ప్రతిసారీ నా ధ్యాస ఆ తర్వాత వచ్చే విశ్వాసపు మాట మీదే ఉండేది. మధ్యలో ఉన్న ఈ చిన్న ప్రశ్నను దాటేసి వెళ్లిపోయేవాణ్ణి. హృదయాలు ఎరిగిన ప్రభువుకు ఆ సంగతి తెలియదా? తెలిసి కూడా ఎందుకు అడిగాడు? వేదాంత కళాశాలలో చదువుకున్న రోజుల్లో ఈ ప్రశ్న నాకు తట్టలేదు. మా సంఘంలోని ఒక చిన్నపాప వల్ల అది నాకు అర్థమైంది. ఆమె తల్లిదండ్రుల అనుమతితోనే ఇది రాస్తున్నాను. పేర్లు రాయను.

మూడేళ్ల తిరుగుడు

మా సోమందేపల్లె బెంగళూరు రహదారి మీద ఉన్న ఊరు. 2022 నుంచి శ్రీ సత్యసాయి జిల్లాలో ఉన్నా, మాది అనంతపురం కరువు నేలే. వాన పడితే వేరుశెనగ, పడకపోతే వలస. ఆ పాప తండ్రి ఆటో నడుపుతాడు. తల్లి కూలికి పోతుంది. పాపకు నాలుగేళ్లప్పుడు ఒక రాత్రి మూడు గంటల వేళ వాంతులు మొదలయ్యాయి. గంటకు నాలుగైదుసార్లు, ఒక్కోసారి అంతకంటే ఎక్కువ. కడుపులో ఏమీ మిగలకపోయినా ఆగలేదు. చివరకు పసరు, నురగ. నీళ్లు తాగితే నీళ్లే బయటికి వచ్చేవి. పాప మోకాళ్లు కడుపులోకి ముడుచుకుని గోడవైపు తిరిగి పడుకునేది. పలకరిస్తే పలికేది కాదు. దీపం వేస్తే ఏడ్చేది. రెండు రోజులు అలా గడిచాక మూడో రోజు పొద్దున లేచి, ఏమీ జరగనట్టు, "అమ్మా, సంగటి పెట్టు" అని అడిగింది. తిని వీధిలోకి ఆడుకోవడానికి పోయింది.

ఏదో పడని తిండి తిన్నదనుకున్నారు. నెలన్నర తర్వాత మళ్లీ అదే రాత్రి వేళ, అదే తీరు, అవే రెండు రోజులు. ఆ తర్వాత మళ్లీ.

ఊళ్లో ఆర్‌ఎంపీ డాక్టరు సూది వేశాడు. పురుగుల మందు తాగించారు. దిష్టి తీశారు. బంధువులెవరో తాయెత్తు కట్టించారు. ఒక పట్నంలో సెలైన్ ఎక్కించి పంపారు. ఇంకో పట్నంలో స్కానింగ్ తీశారు. ఇంకోచోట గొట్టం వేసి కడుపులోకి చూశారు. అంతా బాగానే ఉంది, ఏమీ లేదన్నారు. ఒక పెద్ద ఆసుపత్రికి వీళ్లు పడీ పడీ చేరేసరికి మూడో రోజు వచ్చేసింది. పాప బెంచీల మధ్య పరుగెత్తుతోంది. అక్కడి డాక్టరు పాపను చూసి, తల్లిని చూసి, "ఈ పిల్లకు ఏం జబ్బమ్మా?" అన్నాడట. ఇంకొకాయన, బడికి పోవడం ఇష్టంలేక పిల్ల నటిస్తోందేమో చూసుకోమన్నాడు.

జబ్బు లేదంటే ఏ తల్లికైనా సంతోషమే కదా అనుకుంటాం. మూడేళ్లపాటు ఆ మాట విన్న తల్లిని అడగండి. "ఏమీ లేదు అన్నప్పుడల్లా నాకు భయమయ్యేది అయ్యగారూ. ఏమీ లేకపోతే నా బిడ్డ ఎందుకు ఇట్లయితాంది? ఎవరికీ కనపడంది నాకొక్కదానికే కనపడతాందా అనిపించేది" అని ఆమె నాతో చెప్పింది. అప్పటికే పాడిగేదెను అమ్మేశారు. చెవి కమ్మలు తాకట్టులోకి పోయాయి. ఆటో వాయిదాలు రెండు నెలలు తప్పాయి.

క్రిస్మస్ వచ్చిందంటే

పాప జబ్బు క్రిస్మస్‌కు తప్పకుండా వచ్చేది. మొదటి ఏడు సండే స్కూలు నాటకంలో దేవదూత వేషం ఇచ్చాం. తెల్లగౌను కుట్టించారు. వారం రోజులు ఆ పిల్లకు నిద్రపట్టలేదు. ఇరవై ఐదో తేదీ తెల్లవారుజామున వాంతులు. రెండో ఏడూ అంతే. మూడో ఏడు వేషం ఇవ్వలేదు. అయినా వచ్చింది.

సంఘంలో మాటలు మొదలయ్యాయి. ప్రభువు పుట్టిన దినానే రావడమేమిటి, ఇది మామూలు జబ్బు కాదు, ఆత్మల పని అన్నారు కొందరు. ఆ ఇంట్లో దాచిన పాపం ఏదో ఉందన్నారు కొందరు. తాయెత్తు కట్టించిన సంగతి బయటపడ్డాక, అందుకే దేవుడు వినడం లేదన్నారు. ఆదివారం ఆ తల్లి వెనక వరుసలో కూర్చోవడం మొదలుపెట్టింది. తర్వాత రావడమే తగ్గించింది. ఒకరోజు నేను వాళ్లింటికి వెళితే, "నేనేం పాపం చేసినానయ్యా? మీరైనా చెప్పండి, ఒప్పుకుంటా" అంది.

ఆ మాటలన్న వాళ్లను తప్పుపట్టే అర్హత నాకు లేదు. నేను చేసింది కూడా చెప్పాలి. రెండో ఏడు నేనే ఆ ఇంట్లో మూడు రోజుల ఉపవాస ప్రార్థన ప్రకటించాను. మిమ్మల్ని మీరు పరీక్షించుకోండి అని తల్లిదండ్రులతో చెప్పాను. వాళ్లు ఉపవాసం ఉన్నారు. పాప చేత కూడా ఒక పూట మాన్పించారు. నేను వద్దనలేదు. ఆ తెల్లవారుజామున మళ్లీ మొదలైంది. పదిమందిమి పాప చుట్టూ నిలబడి, ట్యూబులైట్ వేసి, చప్పట్లు కొట్టి, గొంతులు ఎత్తి గంటన్నర ప్రార్థించాం. పాప రెండు చేతులతో చెవులు మూసుకుంది. దాన్ని మేము అపవాది ఎదురుతిరగడం అనుకున్నాం. ఖాళీ కడుపు, నిద్రలేమి, వెలుతురు, చప్పుడు ఈ జబ్బుకు ఎంత చేటో తర్వాత తెలిసింది. మంచి మనసుతోనే ఆ బిడ్డను ఇంకా బాధపెట్టాం. దేవుని ఎదుట, ఆ కుటుంబం ఎదుట నేను క్షమాపణ అడిగాను.

అడిగిన ఒక్కరు

మా సంఘస్థుల అమ్మాయి ఒకామె బెంగళూరులో నర్సుగా పనిచేస్తుంది. సెలవుకు వచ్చినప్పుడు ఆ ఇంటికి వెళ్లింది. ప్రార్థన చేసే ముందు తల్లి పక్కన చాప మీద కూర్చుని, "అక్కా, ఎన్నాళ్ల నుంచి ఇట్లా?" అని అడిగింది. ఏ వేళకు మొదలవుతుంది? గంటకు ఎన్నిసార్లు? ఎన్ని రోజులు? ముందురోజు ఏం జరిగింది? మధ్యలో పిల్ల ఎలా ఉంటుంది? ఇంట్లో ఎవరికైనా తలనొప్పి ఉందా? ఆ తల్లి గంటసేపు చెప్పింది. మూడేళ్లలో తనను ఎవరూ ఇన్ని అడగలేదని చెప్పి ఏడ్చింది.

గోడకు సంఘం వాళ్లు ఇచ్చిన క్యాలెండరు వేలాడుతోంది. వాంతులు వచ్చిన రోజుకు ఎర్ర గీత పెట్టమని, మొదలైన గంట, ఆగిన గంట, ముందురోజు సంగతి రాయమని నర్సమ్మాయి చెప్పింది. తల్లికి రాయడం రాదు. సండే స్కూలు టీచరు వచ్చి రాసేది. ఏడు నెలలు గడిచాయి. ఆ క్యాలెండరును చుట్టి సంచిలో పెట్టుకుని తల్లిదండ్రులు బెంగళూరులో పిల్లల జీర్ణకోశ వైద్యుని దగ్గరకు వెళ్లారు. పాప ఆ రోజు కూడా చక్కగా ఆడుకుంటోంది. డాక్టరు పాప కంటే ముందు క్యాలెండరును చూశాడు. ఒక్కో నెలా తిప్పి ఎర్ర గీతలు లెక్కపెట్టాడు. తర్వాత తల్లిని, "నీకు తలనొప్పి వస్తుందా అమ్మా?" అని అడిగాడు. ఆమెకు చిన్నప్పటి నుంచి ఒంటిపక్క తలనొప్పి. వచ్చిందంటే వెలుతురు చూడలేదు.

అప్పుడు ఆ జబ్బుకు పేరు దొరికింది. సైక్లిక్ వామిటింగ్ సిండ్రోమ్. చక్రంలా తిరిగి తిరిగి వచ్చే వాంతుల జబ్బు.

పేరున్న జబ్బే

ఇది కొత్త జబ్బు కాదు. లండన్‌లో శామ్యూల్ గీ అనే వైద్యుడు 1882లోనే దీన్ని వర్ణించి రాశాడు. అయినా ఇప్పటికీ ఇది ఒక్క పరీక్షకు దొరకదు. రక్తపరీక్షలో, స్కానింగ్‌లో, ఎండోస్కోపీలో ఇదీ జబ్బు అని కనపడదు. జబ్బు వచ్చే తీరే దాని గుర్తు. ఉత్తర అమెరికాలోని పిల్లల జీర్ణకోశ వైద్యుల సంఘం 2008లో కొన్ని గుర్తులు ఏర్పరచింది. మొత్తం మీద కనీసం 5 విడతలు గాని, 6 నెలల్లో కనీసం 3 విడతలు గాని వచ్చి ఉండాలి. ఒక్కో విడత గంట నుంచి 10 రోజుల వరకు ఉండవచ్చు. విడతకూ విడతకూ మధ్య కనీసం వారం ఎడం ఉండాలి. వాంతులు కనీసం గంటసేపు గంటకు 4 సార్లకు తగ్గకుండా ఉండాలి. ఆ పిల్లకు ప్రతిసారీ ఒకే తీరుగా రావాలి. మధ్యకాలంలో పిల్ల మామూలుగా ఉండాలి. వేరే జబ్బేదీ దానికి కారణం కాకూడదు.

ఇందులో దాదాపు ప్రతి గుర్తూ తల్లీతండ్రీ చెప్పాల్సిందే. యంత్రం చెప్పలేదు. ఆసుపత్రికి వచ్చేసరికి పిల్ల బాగుండటం ఈ జబ్బు లక్షణమే. అదే కారణంతో తల్లి మాట నమ్మకపోవడం ఎంత విచారకరం!

ఇది మైగ్రేన్, అంటే పార్శ్వపు తలనొప్పికి చుట్టంలాంటి జబ్బు. మెదడుకూ కడుపుకూ మధ్య జరిగే సంకేతాల్లో తేడా వస్తుందని వైద్యులు వివరిస్తారు. ఈ పిల్లల్లో చాలామందికి ఇంట్లో ఎవరికో ఒకరికి మైగ్రేన్ ఉంటుంది. ఎక్కువగా బడి ఈడు ముందూ వెనుకా మొదలవుతుంది. జలుబు, జ్వరం, నిద్రలేమి, ఆకలితో ఉండటం, ప్రయాణం, దిగులు దీన్ని రేపుతాయి. పట్టరాని సంతోషం కూడా రేపుతుంది. పుట్టినరోజు, తిరునాళ్లు, సెలవులు, పండుగ వస్తే విడత వచ్చే పిల్లలు ఎందరో! మా పాపకు క్రిస్మస్ నాడే రావడానికి కారణం అదే. దేవదూత వేషం వేయబోతున్నానన్న ఆనందాన్ని ఆ చిన్న శరీరం తట్టుకోలేకపోయింది. దానికి మేము ఆత్మల పని అని పేరుపెట్టాం.

వైద్యం ఉంది. విడతలు తరచుగా వచ్చే పిల్లలకు, మైగ్రేన్ రాకుండా వాడే మందుల్లో కొన్నింటిని వయసును బట్టి ఇస్తారు. విడత మొదట్లోనే వాంతి ఆపే మందు, చీకటి గది, నిశ్శబ్దం, నిద్ర మేలు చేస్తాయి. నోట ఏదీ నిలవకపోతే గ్లూకోజు కలిసిన సెలైన్ అవసరమవుతుంది. ఏ మందు, ఎంత అన్నది డాక్టరే చెప్పాలి. పక్కింటి పిల్లకు రాసిన చీటీతో మందు కొనకూడదు. ఎక్కువమంది పిల్లల్లో పెద్దయ్యేకొద్దీ ఈ వాంతులు తగ్గిపోతాయి. కొందరిలో తర్వాత తలనొప్పిగా మారతాయి.

ఒక హెచ్చరిక. మళ్లీ మళ్లీ వాంతులైన ప్రతి పిల్లకూ ఇదే జబ్బని అనుకోకూడదు. పేగు మెలిక పడటం, మూత్రపిండం ఉబ్బడం, మెదడులో ఒత్తిడి పెరగడం, చక్కెర వ్యాధి, పుట్టుకతో వచ్చే కొన్ని లోపాలు కూడా ఇలాగే కనపడతాయి. అందుకే డాక్టరు ముందు వాటిని తోసిపుచ్చుతాడు. కొన్ని లోపాలు వాంతులు అవుతున్నప్పుడు తీసిన రక్తంలో, మూత్రంలోనే బయటపడతాయి. పసిబిడ్డకు ఆకుపచ్చ వాంతి అయినా, వాంతిలో రక్తం పడినా, కడుపు ఉబ్బి గట్టిపడినా, పొద్దున లేవగానే తలనొప్పితో వాంతులవుతున్నా, నడక తూలినా, ఫిట్స్ వచ్చినా, బిడ్డ మత్తుగా పడి ఉన్నా, చాలాసేపు మూత్రం రాకపోయినా, ప్రార్థనకు కబురు పంపే ముందు 108కి ఫోన్ చేయండి. ప్రార్థన అంబులెన్సులో కూడా చేయవచ్చు.

తల్లి చేతిలోని వైద్యం

తల్లిదండ్రుల మీద నమ్మకం ఉంచడం వైద్యాన్ని కూడా ముందుకు నడిపింది. 1971లో తూర్పు పాకిస్థాన్ నుంచి వచ్చిన శరణార్థుల శిబిరంలో కలరా వ్యాపించింది. బొంగావ్‌లో సెలైన్ సీసాలు చాలలేదు. డాక్టర్ దిలీప్ మహలనోబిస్ ఉప్పు, చక్కెర కలిపిన నీళ్లను బిడ్డలకు తాగించే పనిని బంధువుల చేతికే అప్పగించాడు. ఎన్నో ప్రాణాలు నిలిచాయి. ఈనాడు మనం వాడే ఓఆర్ఎస్‌కు లోకంలో నమ్మకం తెచ్చిన సంఘటనల్లో అదొకటి.

మన హైదరాబాదులో పిల్లల వైద్యురాలు డాక్టర్ శివరంజని సంతోష్ చేసిన పోరాటం మీలో కొందరికి తెలిసే ఉంటుంది. ఓఆర్ఎస్ అని పేరు పెట్టి, చక్కెర ఎక్కువగా ఉన్న పానీయాలను డబ్బాల్లో అమ్ముతున్నారని, వాటిని తాగి పిల్లలకు హాని జరుగుతోందని ఆమె ఏళ్ల తరబడి చెబుతూ వచ్చారు. చివరకు 2025 అక్టోబరులో దేశ ఆహార భద్రతా ప్రమాణాల సంస్థ అలాంటి పానీయాలపై ఓఆర్ఎస్ అన్న మాట వాడకూడదని ఆదేశించింది. కాబట్టి వాంతులైన బిడ్డకు కొనేటప్పుడు ప్రపంచ ఆరోగ్య సంస్థ సూత్రం ప్రకారం చేసినదని రాసి ఉన్న పొట్లమే అడగండి. లీటరు నీళ్లకు కలిపే పొట్లాన్ని లీటరు నీళ్లలోనే కలపండి. చెంచాడు చెంచాడుగా తాగించండి.

వాక్యం ఏమంటోంది?

కొందరు విశ్వాసులు నన్ను అడుగుతారు: పాస్టరుగారూ, మీరు ప్రార్థనను తగ్గించి డాక్టర్లను హెచ్చిస్తున్నారా? లేదు. ప్రార్థన లేకపోతే నా పరిచర్యే లేదు. అయితే మార్కు 9వ అధ్యాయాన్ని మరోసారి చదవండి. ఇలాంటిది ప్రార్థన వల్లనే సాధ్యమని ప్రభువు చెప్పింది ఎవరితో? తండ్రితో కాదు, పిల్లవాడితో అసలే కాదు. ఇంట్లో ఏకాంతంగా శిష్యులతో చెప్పాడు (9:28, 29). లోపం శిష్యుల ప్రార్థనలో ఉంది. మనమేమో ఆ భారాన్ని తీసుకెళ్లి తల్లిదండ్రుల నెత్తిన పెడుతున్నాం. ఆ వచనంలో ఉపవాసం అన్న మాట కూడా కొన్ని ప్రాచీన వ్రాతప్రతుల్లో లేదని వేదాంత విద్యార్థులకు తెలుసు. ఉపవాసం మంచిదే. కాపరి ఉండవచ్చు, పెద్దలు ఉండవచ్చు. జబ్బుపిల్ల చేత ఉండనిచ్చిన నాలాంటి వాడికి ఆ వచనం ఆసరా ఇవ్వదు.

ప్రతి జబ్బూ దయ్యం పని కాదని సువార్తే చెబుతోంది. ప్రభువు దగ్గరకు తెచ్చిన వారిని లెక్కచెబుతూ మత్తయి దయ్యం పట్టినవారిని వేరుగా, మూర్ఛరోగులను వేరుగా, పక్షవాతం గలవారిని వేరుగా రాశాడు (మత్తయి 4:24). ఆయన వేరుచేసిన వాటిని మనం ఎందుకు కలిపేస్తున్నాం?

ఇక పాపం సంగతి. పుట్టుగుడ్డివాణ్ణి చూసి శిష్యులు, వీడు పాపం చేశాడా, వీడి తల్లిదండ్రులు చేశారా అని అడిగారు. ఇద్దరూ కాదని ప్రభువు తేల్చిచెప్పాడు (యోహాను 9:1-3). రెండువేల ఏళ్ల కిందట ఆయన మూసేసిన విచారణను మనం ఆదివారం సాయంత్రం గుడి అరుగు మీద మళ్లీ తెరుస్తున్నాం.

తిమోతి పౌలుకు ఆత్మీయ కుమారుడు. యౌవన కాపరి. అతనికి కడుపు జబ్బు ఉంది, తరచుగా బాధపడేవాడు. పౌలు అతని విశ్వాసాన్ని ప్రశ్నించలేదు. ఆ రోజుల్లో కడుపుకు వాడే ఇంటి వైద్యం చెప్పాడు (1 తిమోతి 5:23). రక్తస్రావంతో పన్నెండేళ్లు బాధపడిన స్త్రీ ఎందరో వైద్యుల దగ్గరకు తిరిగి ఉన్నదంతా ఖర్చుపెట్టుకుందని మార్కు రాశాడు. మా పాప తల్లి కథ కూడా అలాంటిదే. ప్రభువు ఆమెను స్వస్థపరచి తన దారిన పోలేదు. యాయీరు కుమార్తె చావుబతుకుల్లో ఉన్నా, తొందరపెట్టే జనం మధ్య నిలబడి, ఆ స్త్రీ జరిగిందంతా చెప్పేవరకు ఆగాడు (మార్కు 5:33). తర్వాత యాయీరు ఇంటికి వెళ్లి, ఆ పిల్లను లేపి, తినడానికి ఏదైనా పెట్టమన్నాడు. మూడో రోజు పొద్దున సంగటి అడిగిన పిల్లను చూసిన తల్లికి ఆ మాట విలువ తెలుస్తుంది.

ఎలీషా అంతటి ప్రవక్త కూడా, బిడ్డను పోగొట్టుకుని వచ్చిన షూనేమీయురాలిని చూసి, ఆమె దుఃఖం ఏమిటో దేవుడు తనకు తెలియజేయలేదని ఒప్పుకున్నాడు (2 రాజులు 4:27). ఆమెను నెట్టివేయబోయిన సేవకుణ్ణి ఆపాడు. ఆమెను మాట్లాడనిచ్చాడు. తెలియదని ఒప్పుకోవడం దైవజనునికి చిన్నతనం కాదు. తెలియకుండానే అంతా తెలిసినట్టు కారణం చెప్పడమే ప్రమాదం. యోబు స్నేహితులు ఏడు దినాలు మౌనంగా కూర్చున్నంతకాలం మంచి స్నేహితులే. నోరు తెరిచాకే చెడ్డారు.

మన సంఘాలకు ఈ వినే అలవాటు కొత్తేమీ కాదు. తమిళనాడులో మిషనరీ వైద్యుని కుమార్తె ఐడా స్కడర్ ఒకే రాత్రి మూడు ఇళ్ల మగవాళ్లు వచ్చి తలుపు తట్టడం విన్నది. ప్రసవ వేదనలో ఉన్న తమ భార్యలను ఒక స్త్రీయే చూడాలని వాళ్లు అడిగారు. అప్పటికి ఆమె డాక్టరు కాదు. ఆ ముగ్గురు స్త్రీలూ చనిపోయారు. ఆ తలుపు చప్పుడు ఆమెను వైద్యవిద్యకు పంపింది. 1900లో వేలూరులో ఒక్క మంచంతో మొదలైన వైద్యశాల ఈనాటి సీఎంసీ అయింది. మన అనంతపురానికి 1969లో వచ్చిన విన్సెంట్ ఫెర్రర్ స్థాపించిన ఆర్‌డీటీ బత్తలపల్లిలో ఆసుపత్రి కట్టింది. వైద్యుడైన లూకాను ప్రియుడని పిలిచిన సంఘం మనది (కొలొస్స 4:14). ఆసుపత్రి మెట్లెక్కడం అవిశ్వాసమని మన పిల్లలకు నేర్పకూడదు.

సంఘం చేయగలిగినవి

మళ్లీ మళ్లీ జబ్బుపడే బిడ్డ మీ సంఘంలో ఉంటే ఇవి చేయండి. మొదట కారణాలు చెప్పడం ఆపండి. తల్లిదండ్రుల పక్కన కూర్చుని అడగండి, చెప్పేదంతా వినండి. చదువు వచ్చిన యౌవనస్థులు ఒకరు ఆ ఇంటి క్యాలెండరు మీద తేదీ, వేళ, ఎన్నిసార్లు, ఎన్ని గంటలు, ముందురోజు ఏం తిన్నది, ఎప్పుడు పడుకుంది అన్నీ రాసిపెట్టండి. వాంతులవుతున్నప్పుడు ఫోనులో కాస్త వీడియో తీసి ఉంచుకుంటే, బాగున్న పిల్లను చూసే డాక్టరుకు ఉపయోగపడుతుంది. పాత చీటీలు, రిపోర్టులు ఒకే ఫైలులో తేదీ ప్రకారం పెట్టించండి. కానుకల్లోంచి బస్సు చార్జీకి కొంత తీయండి. బెంగళూరుకో వేలూరుకో వెళ్లేటప్పుడు భాష వచ్చినవారు ఒకరు తోడు వెళ్లండి. ఇంట్లో మిగిలిన పిల్లలకు అన్నం పెట్టండి. బడి హెడ్‌మాస్టరుతో మాట్లాడండి. జబ్బు చేసి మానేసిన పిల్లను దొంగబడి అని కొట్టకూడదని చెప్పండి.

ప్రార్థించండి. మెల్లగా ప్రార్థించండి. మన దేవుడు చెవిటివాడు కాడు. దీపం ఆర్పి, పక్కన కూర్చుని, తల్లి చేయి పట్టుకుని గుసగుసగా చేసిన ప్రార్థన కూడా ఆయనకు వినపడుతుంది.

పాపకు ఇప్పుడు తొమ్మిదేళ్లు. రోజూ రాత్రి మందు వేసుకుంటుంది. వేళకు తింటుంది, వేళకు పడుకుంటుంది. నెలన్నరకొకసారి వచ్చేది ఇప్పుడు ఏడాదికి రెండు మూడుసార్లకు తగ్గింది. పూర్తిగా పోలేదు. మంచి సాక్ష్యం కోసం పోయిందని రాయలేను. ఆ తండ్రి ప్రభువు ముందు నమ్మకాన్నీ, నమ్మలేకపోవడాన్నీ కలిపి ఏడ్చాడు (మార్కు 9:24). ప్రభువు ఆ కలగలుపు ప్రార్థనను తోసివేయలేదు. ఈ తల్లిదండ్రులు కూడా అలాగే ప్రార్థిస్తారు. నేను వాళ్లతో కలిసి అలాగే ప్రార్థించడం నేర్చుకున్నాను.

కిందటి క్రిస్మస్‌కు పాపకు వేషం కావాలా అని అడిగితే, గొర్రెల కాపరుల్లో ఒకరిగా నిలబడతానంది. మాటలు లేని వేషం. ముందు వారమంతా తల్లి ఎనిమిదింటికే పడుకోబెట్టింది. అయినా ఇరవై నాలుగు రాత్రి మొదలైంది. తండ్రి వచ్చి నాకు చెప్పాడు. వాళ్లిల్లు గుడికి నాలుగిళ్ల అవతల. ఆ రాత్రి ఆరాధనకు మైకు కట్టి ఉంది. నేను సంఘానికి సంగతి చెప్పాను. ఎవరూ కారణాలు వెతకలేదు. ఒక పెద్దాయన లేచి వెళ్లి మైకు తీయించాడు. యౌవనస్థులు డప్పులు కింద పెట్టారు. క్రీస్తు జనన గీతాలన్నీ ఆ రాత్రి మేము మైకు లేకుండా, మెల్లటి గొంతుతో పాడాం. నర్సమ్మాయి చెప్పినట్టు తల్లి వేళకు మందు వేసింది. తెల్లారేసరికి పాప నిద్రపోయింది.

కొత్త సంవత్సరం ఆదివారం ఆ తల్లి ముందు వరుసలో కూర్చుంది.

ప్రియ చదువరీ, మీ వీధిలో, మీ సంఘంలో పేరు తెలియని జబ్బుతో తిరుగుతున్న బిడ్డ ఉండవచ్చు. ఆ బిడ్డ తల్లిదండ్రుల దగ్గరకు ఈ వారమే వెళ్లండి. ఎన్నాళ్ల నుంచి ఇలా అని అడగండి. వాళ్లు చెప్పడం ముగించేదాకా లేవకండి. ప్రభువు అడిగాడు గనుక మనమూ అడుగుదాం. ఆయన కృప మీకు, మీ పిల్లలకు తోడైయుండును గాక. ఆమేన్.

– ఒక సంఘ కాపరి, సోమందేపల్లె